లంఖణం పేగుకు మందు కాదు

"లంఖణం పరమౌషధం" అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. జ్వరం వచ్చినా, అజీర్ణం చేసినా, పిల్లవాడికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నా, పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చేది ఈ మాటే. పెద్దవాళ్ళకు ఒక పూట అజీర్ణం చేసినప్పుడు ఈ సలహా పనికి వస్తే రావచ్చు. కాని నీళ్ళ విరేచనాలతో ఉన్న పసివాడి విషయంలో మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ విషయం మీద వచ్చే ఉత్తరాలలో సాధారణంగా మూడు ప్రశ్నలు ఉంటాయి. "ఏమి తాగించినా వెంటనే విరేచనం అవుతోంది, తాగించడం మానేయమంటారా?" అనేది ఒకటి. "పాలు, అన్నం మానిపించినా ఎందుకు తగ్గలేదు?" అనేది రెండవది. "ఓ.ఆర్.ఎస్. తాగించినా విరేచనాలు ఆగలేదు. మరి దానివల్ల ప్రయోజనం ఏమిటి?" అనేది మూడవది. ఈ మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. పేగు గోడలో ఉప్పును లోపలికి తీసుకునే అతి సూక్ష్మమైన ద్వారాలు ఉన్నాయి. వీటి పని ఉప్పును, దాని వెంట నీటిని లోపలికి తీసుకోవడమేనని చాలాకాలం అనుకునేవారు. అవి పేగు గోడకు కాపలా కూడా కాస్తున్నాయని ఇప్పుడు తెలిసింది. ఈ సంగతి అర్థమైతే, విరేచనాలు పట్టుకున్న మనిషికి ఏమి ఇవ్వాలో, ఏమి ఇవ్వకూడదో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.

ఒక్క వరస ఇటుకల గోడ

మింగిన పదార్థం శరీరంలోకి చేరిపోయిందని మనం అనుకుంటాము. నిజానికి పేగు లోపలి ఖాళీ ఇంకా వీధి కిందే లెక్క. పేగు గోడ దాటి రక్తంలో కలిసినప్పుడే ఇంట్లోకి వచ్చినట్లు. పెద్దవాళ్ళ జీర్ణకోశం లోపలి పొరను ముడతలన్నీ విప్పి పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు, అంటే రెండు పెద్ద గదుల నేలంత అవుతుంది. ఇంత విశాలమైన గోడకు మందం మాత్రం ఒకే ఒక్క కణం. ఒక్క వరస ఇటుకలతో కట్టిన గోడ అనుకోండి. ఇవతల కోటానుకోట్ల సూక్ష్మజీవులు, అవతల మన రక్తం.

ఆహారాన్ని, నీటిని, లవణాలను రానివ్వాలి. సూక్ష్మజీవులను, వాటి విషాలను రానివ్వకూడదు. ఇందుకోసం ఆ గోడకు మూడు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, కణానికీ కణానికీ మధ్య ఉండే సందులను కొన్ని ప్రోటీనులు బిగించి పట్టుకుంటాయి. రెండవది, గోడ మీద పరచుకున్న జిగురు పొర. పెద్దపేగులో ఈ పొర మరీ దట్టంగా ఉంటుంది. గోడకు ఆనుకున్న భాగంలోకి సూక్ష్మజీవులు దాదాపు రాలేవు. మూడవది, గోడ ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉండడం. పాత కణాలు రాలిపోయి, మూడు నుంచి అయిదు రోజులలో కొత్త కణాలు వాటి స్థానంలోకి వస్తాయి.

ఉప్పు ఎటు పోతే నీరు అటు

ఒక రోజులో మన పేగులోకి చేరే నీరు ఎంతో తెలుసా? తాగేది, తిండితో వచ్చేది కలిపి సుమారు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగులో ఊరే రసం కలిపి మరో 7 లీటర్లు. మొత్తం 9 లీటర్లలో మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతా తిరిగి రక్తంలోకి వస్తుంది.

నీరు తనంతట తాను ఈ పని చేయలేదు. మాగాయ పెట్టడానికి మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మర్నాటికి ఊట ఊరుతుంది కదా. ఉప్పు ఎక్కడ ఎక్కువగా ఉంటే నీరు అక్కడికి లాగబడుతుంది. పేగులోనూ ఇదే సూత్రం. ఉప్పు పేగులోనుంచి కణాలలోకి, అక్కడినుంచి రక్తంలోకి పోతే నీరు దాని వెంట పోతుంది. ఉప్పు పేగులోనే ఉండిపోతే నీరూ అక్కడే ఉండి విరేచనంగా బయటపడుతుంది.

ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడు అని రెండుగా విడిపోతుంది. విద్యుదావేశం ఉన్న ఇటువంటి రేణువులను అయానులు అంటారు. సోడియంకు ఒక ద్వారం, క్లోరైడుకు మరొక ద్వారం ఉన్నాయి. రెండూ వస్తుమార్పిడి పద్ధతిలో పనిచేస్తాయి. సోడియం ద్వారం ఒక సోడియంను లోపలికి తీసుకుని, దానికి బదులు ఆమ్ల రేణువును బయటికి పంపుతుంది. క్లోరైడు ద్వారం ఒక క్లోరైడును తీసుకుని, బైకార్బొనేటును బయటికి పంపుతుంది. వంటసోడాలో ఉండే క్షారం ఈ బైకార్బొనేటే. రెండు ద్వారాలూ జతగా పనిచేసినప్పుడు ఉప్పు, దాని వెంట నీరు లోపలికి వస్తాయి.

క్లోరైడు ద్వారం లేని పిల్లలు

ఈ క్లోరైడు ద్వారం ఎంత అవసరమో అది లేకుండా పుట్టిన పిల్లలను చూసి వైద్యులు తెలుసుకున్నారు. తల్లి కడుపులో ఉన్నప్పుడే వీరికి విరేచనాలు మొదలవుతాయి. అందువల్ల ఉమ్మనీరు విపరీతంగా పెరుగుతుంది, చాలామంది నెలలు నిండకుండానే పుడతారు. విరేచనం మూత్రంలా నీళ్ళుగా ఉండి, కొన్నిసార్లు మూత్రమేనని పొరపడే అవకాశం ఉంది. 1945లో అమెరికాలో ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. ప్రపంచమంతటా అరుదే అయినా ఫిన్లాండు, పోలండు, కొన్ని అరబ్బు దేశాలలో కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది.

1993లో అమెరికాలోనే కొందరు పరిశోధకులు పెద్దపేగు కంతులను పరీక్షిస్తూ, ఆరోగ్యంగా ఉన్న పేగులో చురుకుగా ఉండి కంతులలో తగ్గిపోయే ఒక జన్యువును పట్టుకున్నారు. అది తగ్గిపోతుంది గనుక, ఆ అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో డి.ఆర్.ఏ. అని పేరు పెట్టారు. అది ఏమి చేస్తుందో అప్పటికి తెలియదు. 1996లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు, పైన చెప్పిన పిల్లలలో చెడిపోయిన జన్యువు ఇదేనని తేల్చారు. క్లోరైడు ద్వారాన్ని తయారు చేసే జన్యువు అదే. ఇప్పుడు ఈ పిల్లలకు ఉప్పు, పొటాషియం క్లోరైడు కలిపిన ద్రావణం జీవితాంతం ఇస్తారు. పుట్టిన వెంటనే జబ్బును గుర్తించి చికిత్స మొదలు పెడితే వీరు బతికి పెద్దవారవుతారు.

అయితే పెద్దయ్యాక వీరిలో కొందరికి పేగు వాచి పుండ్లు పడడం కనిపించింది. ఈ ద్వారం లేకుండా ప్రయోగశాలలో పెంచిన ఎలుకలలోనూ పెద్దపేగు గోడకు గట్టిగా అంటుకుని ఉండవలసిన జిగురు పొర సరిగా ఏర్పడలేదు. కణాల మధ్య బిగింపు సడలింది. కొంచెం రసాయనం తగిలినా పేగు పుండ్లు పడింది. అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలపు పెద్దపేగు వ్యాధి ఉన్నవారి పేగులోనూ ఈ ద్వారాలు తగ్గిపోయి ఉండడం గమనించారు.

క్లోరైడు ద్వారానికీ గోడ బలానికీ సంబంధం ఏమిటి? అది బయటికి పంపే బైకార్బొనేటులో ఒక కిటుకు ఉంది. జిగురు పదార్థం కణాలలో గట్టిగా నొక్కి కట్టిన మూటలా ఉంటుంది. సబ్జా గింజలు నీళ్ళలో పడగానే ఉబ్బి జిగురుగా విచ్చుకున్నట్లు, ఈ మూట బయటపడ్డాక విచ్చుకుని పొరగా పరచుకోవాలి. అందుకు బైకార్బొనేటు కావాలి. గోడ పక్కన ఆమ్లం పేరుకోకుండా చూసేదీ అదే. అందుచేత క్లోరైడు ద్వారం ఒక చేత్తో ఉప్పు తీసుకుంటూ, రెండో చేత్తో గోడకు పూత పూస్తోందని చెప్పవచ్చు.

విరేచనాలలో జరిగేది

ఈ పిల్లల జబ్బు అరుదైనదే. కాని మామూలు విరేచనాలలో కూడా కొద్ది రోజులపాటు ఇటువంటి పరిస్థితే ఏర్పడుతుంది. విరేచనాలు కలిగించే కొన్ని రకాల ఇ. కోలై సూక్ష్మజీవులు పేగుకు అంటుకున్నప్పుడు క్లోరైడు ద్వారాలు కణం ఉపరితలం నుంచి లోపలికి జారిపోతాయి. కలరా విషం తగిలితే సోడియం, క్లోరైడు జంట ద్వారాలు మూతపడతాయి, పైగా మరొక దారిన క్లోరైడు వరదలా పేగులోకి వస్తుంది. రోటా వైరసు గోడలోని పైకణాలనే రాల్చివేస్తుంది. ఏ దారిన జరిగినా ఫలితం ఒకటే. ఉప్పు లోపలికి రాదు, నీరు బయటికి పోతుంది, గోడ పలచబడుతుంది.

కలరాలో అసలు దోషి సూక్ష్మజీవి వదిలే విషమేనని 1959లో కలకత్తాలో డాక్టర్ శంభునాథ్ డే కుందేలు పేగు మీద ప్రయోగాలతో నిరూపించారు. ఆ మరుసటి సంవత్సరమే, 1960లో, ప్రేగ్ నగరంలో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు మరొక ద్వారం గురించి చెప్పారు. ఈ మూడవ ద్వారం సోడియంను ఒంటరిగా రానివ్వదు. గ్లూకోజు తోడు ఉండాలి. ఒక గ్లూకోజుతోపాటు రెండు సోడియంలను లోపలికి లాగుతుంది. మిగతావి మూతపడినా, కలరాలో సైతం, ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది.

ఓ.ఆర్.ఎస్. ద్రావణానికి ఆధారం ఈ ద్వారమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో, సరిహద్దున ఉన్న బన్‌గావ్ శిబిరాలలో కాందిశీకులకు కలరా సోకింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలత ప్రకారం నీళ్ళలో కలిపి పీపాలలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

మీ ప్రశ్నలకు జవాబులు

ఇప్పుడు మొదటి ప్రశ్న. తాగించినదంతా విరేచనంగా పోతోందని మీకు అనిపిస్తుంది గాని, ఓ.ఆర్.ఎస్.లో చాలా భాగం మూడవ ద్వారం గుండా లోపలికి పోతూనే ఉంటుంది. అందుచేత తాగించడం మానకూడదు. మూడవ ప్రశ్నకూ ఇదే జవాబు. ఓ.ఆర్.ఎస్. విరేచనాన్ని ఆపే మందు కాదు. పోయిన నీటిని, ఉప్పును తిరిగి నింపి, గోడ కొత్త కణాలతో బాగుపడేదాకా ప్రాణాన్ని నిలబెడుతుంది. ఆ తరువాత విరేచనాలు వాటంతట అవే తగ్గుతాయి.

ఇక రెండవ ప్రశ్న, తిండి మానిపించడం గురించి. పేగు కణాలు తమ ఆహారాన్ని చాలా వరకు పేగు లోపలి నుంచే తీసుకుంటాయి. తిండి లేకపోతే గోడ మరమ్మతు ఆలస్యమవుతుంది. పెద్దపేగులో అరగని పిండిపదార్థాన్ని సూక్ష్మజీవులు పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారు చేస్తాయి. ఆ కణాలకు అవే ముఖ్యమైన ఇంధనం. వీటివల్ల సోడియం, నీరు మరింతగా లోపలికి వస్తాయి. ఓ.ఆర్.ఎస్.లో త్వరగా అరగని మొక్కజొన్న పిండిని కలిపి ఇస్తే కలరా రోగులకు విరేచనం తగ్గిందని వేలూరు వైద్యులు 2000లో ప్రకటించారు.

కాబట్టి తల్లిపాలు ఒక్క పూట కూడా మానిపించవద్దు. అన్నం తినే పిల్లలకు మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ మంచివే. విరేచనాలు తగ్గిన తరువాత రెండు వారాలపాటు రోజూ ఒక పూట తిండి అదనంగా ఇవ్వండి.

కొలత తప్పకూడదు

2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఓ.ఆర్.ఎస్.లో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్టు మీద ఈ అంకెలు ఉన్నాయో లేదో చూసుకోండి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పొడి మొత్తం ఒకేసారి కలపాలి. రోజుకు ఇంత అని కొంచెం కొంచెం తీసి కలిపితే కొలత తప్పుతుంది. కాచి చల్లార్చిన నీటిలో కలిపి, 24 గంటలు దాటితే పారబోయండి.

ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, శీర్షం లేకుండా చదునుగా కొలవాలి. పంచదార ఎక్కువైతే మేలు జరగదు. మాగాయ ఊట గుర్తు చేసుకోండి. పేగులో చక్కెర ఎక్కువగా ఉంటే నీరు రక్తంలోనుంచి పేగులోకే లాగబడుతుంది. కూల్‌డ్రింకులు, తియ్యటి పండ్ల రసాలు విరేచనాలను పెంచేది అందుకే. మందుల దుకాణాలలో ఓ.ఆర్.ఎస్. పేరుతో తియ్యటి పానీయాల డబ్బాలు అమ్మడం మీద హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు పేరు చూసి కాక, కొలత చూసి కొనండి.

రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ళ వారికి 100 నుంచి 200, అంతకు పెద్దవారికి తాగగలిగినంత ఇవ్వండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిదానంగా మళ్ళీ మొదలు పెట్టండి.

దీనితోపాటు జింకు మాత్ర ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు. విరేచనాలు మూడో రోజునే తగ్గినా మాత్రలు పూర్తి చేయించండి. గోడ బాగుపడడానికి, జబ్బు త్వరగా తిరగబెట్టకుండా ఉండడానికి ఇది సహాయపడుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఓ.ఆర్.ఎస్., జింకు ఉచితంగా ఇస్తారు.

ఈ పనులు చేయవద్దు

విరేచనం కట్టే మాత్రలు పసిపిల్లలకు వేయవద్దు. పేగు కదలిక ఆగిపోయి కడుపు ఉబ్బుతుంది. మామూలు నీళ్ళ విరేచనాలకు యాంటీబయాటిక్ మందులు అవసరం లేదు. అవి రోటా వైరసును చంపలేవు, పేగులోని మంచి సూక్ష్మజీవులను మాత్రం దెబ్బతీస్తాయి. కలరా అనుమానం ఉన్నప్పుడు, రక్తం పడుతున్నప్పుడు వాటి అవసరాన్ని డాక్టరు నిర్ణయిస్తారు. పేగు గోడ కారుతోందని భయపెట్టి, దాన్ని బిగిస్తామంటూ అమ్మే పొడులకు డబ్బు తగలేయవద్దు. మూతపడిన క్లోరైడు ద్వారాన్ని తెరిచే మందు ఇప్పటికి దుకాణాలలో లేదు.

మధుమేహం ఉన్న పెద్దవారు విరేచనాలలో ఓ.ఆర్.ఎస్. తాగవచ్చు. అందులో చక్కెర కొద్దిగానే ఉంటుంది. రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలు. కాని ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మధుమేహం, రక్తపోటు మాత్రలను తాత్కాలికంగా ఆపవలసి ఉంటుంది. గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారికి ఎంత తాగాలన్నదీ ముఖ్యమే. ఈ రెండూ మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

జబ్బు రాకుండా చూసుకోవడం అన్నిటికంటే తేలిక. రోటా వైరసు టీకా చుక్కలను 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో ప్రవేశపెట్టారు. మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చుక్కల మందు హైదరాబాదులో తయారైనదే. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు. మల విసర్జన తరువాత, బిడ్డను కడిగిన తరువాత, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవవద్దు.

చివరగా ఒక హెచ్చరిక. కళ్ళు గుంటలు పడినా, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా వాంతి చేసుకుంటున్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిలో కూడా గ్లాసు, చెంచా చేతిలో ఉంచుకుని, బిడ్డకు స్పృహ ఉండి మింగగలుగుతున్నంతసేపు ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండండి. విరేచనాలు 14 రోజులు దాటినా తగ్గకపోతే, లేదా పుట్టినప్పటి నుంచీ నీళ్ళ విరేచనాలే అవుతుంటే, పిల్లల డాక్టరుకు చూపించి పరీక్షలు చేయించాలి.